మొలతాడు

రాత్రి పదకొండుకి
స్టీలు గ్లాసు గోడకేసి కొట్టాడాయన.
తొమ్మిదో మంచం. ఏకాంబరం. ఊరు నగరి.
మరమగ్గాల పని. యాభై రెండేళ్ళు.
రిజిస్టరులో పగటి డ్యూటీవాళ్ళు రాసింది ఒకటే మాట:
తిరగబడతాడు.

చెంగల్రాయులు గుడ్డపట్టీలు మణికట్టుకు చుట్టుకుంటూ వచ్చాడు.
"నువ్వు తప్పుకో సిస్టరూ,
ఇట్టాంటోళ్ళకి మాటలెక్కవు."

పోయినేడు నేనూ అట్లాగే అనుకున్నాను.
కలికిరి నుంచి వచ్చిన కుర్రాడొకడి మీద
"కూర్చో" అని అరిచాను, వేలు చూపించి.
నా కనుబొమ్మ మీది మూడు కుట్లు
ఆ వేలికి జవాబు.
కుట్లు మానాయి.
వాడి కళ్ళల్లో అప్పుడు కనబడ్డ భయం
నాలో ఇంకా పచ్చిగానే ఉంది.

అందుకే ఇవాళ తలుపుకు అడ్డం లేకుండా జరిగాను.
దారి ఆయనకూ కనబడాలి, నాకూ.
రెండు బారల దూరంలో
ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాను.
ఆయన నిలబడే ఉన్నాడు.
కింద నుంచి చూస్తే
మనిషి ఎంత అలిసిపోయి ఉన్నాడో తెలుస్తుంది.

డాక్టర్ని తిట్టాడు. తిరుపతిని తిట్టాడు.
పుత్తూరు బస్సెక్కించి తెచ్చిన బావమరిదిని
సగం తెలుగులో, సగం అరవంలో తిట్టాడు.
నన్నూ తిట్టాడు గానీ
ఆ తిట్లలో నా పేరు లేదు.

వింటూ వింటూ ఉండగా తట్టింది:
ఇది ముప్పయ్యేళ్ళు టకటకల మధ్య బతికిన గొంతు.
పక్కవాణ్ణి బువ్వ తిన్నావా అని అడగాలన్నా
కేకే వేయాల్సిన గొంతు.
ఇందులో కోపమెంతో
మగ్గమెంతో
ఎవరం విడదీసి చూడలేదు.

ఫ్యాను ఆపమన్నాను.
దాని కీచుమోత ఆగింది.
ఎక్కి దాటడానికి చప్పుడేదీ లేక
ఆయన గొంతు కాస్త తడబడింది.
నేనింకా తగ్గించాను నాది.
"ఏం పోయిందన్నా?"
ఏమైంది అనబోయాను. పోయింది అని ఎందుకొచ్చిందో తెలీదు.

ఆయన చెయ్యి నడుం మీదికి పోయింది.
అక్కడ తడిమి, ఖాళీగా వెనక్కొచ్చింది.

"తెంచేసినారు కదమ్మా. అడక్కుండానే.
మొలతాడు ఎవురికి తెంచుతారు?
పాడె మీద పడుకోబెట్టేవాడికి.
చచ్చిపోయినావురా అని ముందే చెప్పుంటే
గమ్మునుందును కదా నేను."

నిబంధన నా నాలుక చివరే ఉంది.
తాళ్ళు ఎందుకు తీస్తామో
బాత్రూం కొక్కేలు ఎందుకు పీకించామో
నాకు బాగా తెలుసు.
అయినా దాన్ని మింగాను. దానికి వేరే పూట ఉంది.

"అడక్కుండా తెంచడం తప్పే.
నాకైనా ఒళ్ళు మండేది."

ఆయన కూర్చోలేదు.
గోడకు ఆనుకున్నాడు. అంతే.
చెంగల్రాయులు గుమ్మంలోనే
ఎటూ కదలక.

డ్రెస్సింగు ట్రేలోని గాజుగుడ్డ నుంచి
ఒంటిపోగు లాగి చాచాను.
"గుంజితే తెగిపోతుంది. అందుకే ఇవ్వగలుగుతున్నా.
రేపు డాక్టరు గారితో మాట్లాడతాను,
ఒప్పుకుంటారని మాట మాత్రం ఇవ్వలేను."

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి
బల్బు వెలుగుకు ఎత్తి చూశాడు.
"ఏం నూలమ్మా ఇది!
పురి లేదు, పాడు లేదు.
సాలీడు నయం."

తొడ మీద పెట్టి తానే పురి వేశాడు.
ముడి ఎక్కడ వేశాడో నాకు కనబడలేదు,
సాలెవాడి ముడి.

కిటికీలో ఘాట్ రోడ్డు దీపాలు,
కొండ మీదికి ఎవరో కుట్టుకుంటూ పోయినట్టు.
రిజిస్టరు తీశాను.
పాత మాట కొట్టేయలేదు. దాని కింద రాశాను:
మొలతాడు అడక్కుండా తెంచినందుకు కోపం.
ఏది తీసినా ముందు చెప్పాలి.
గట్టిగా మాట్లాడితే అదంతా కోపం కాదు, మగ్గం.

"రేపూ ఇట్టనే వింటాడా?" అన్నాడు చెంగల్రాయులు
పట్టీలు విప్పుకుంటూ.
"తెలీదు."

ఉక్కగా ఉందని ఫ్యాను మళ్ళీ వేశాడు.
నిద్రలోనే ఎవరితోనో ఏదో చెబుతూ
ఏకాంబరం
గొంతు కొంచెం పెంచాడు.